సరిహద్దు దాటే పార్సెల్‌కు పూచీ ఎవరిది?

ఆన్‌లైన్ దుకాణం నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా, దాని షిప్పింగ్ సెట్టింగుల్లో ఎక్కడో ఒకచోట "అన్ని దేశాలకూ పంపుతాం" అనే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయడానికి క్షణం పట్టదు. ఆ ఒక్క టిక్కుతో దుకాణదారు తనకు ఏమాత్రం పరిచయం లేని దేశాల కస్టమ్స్ శాఖలతో, పన్ను చట్టాలతో, తపాలా వ్యవస్థలతో లావాదేవీ పెట్టుకున్నట్టే. ఆ తరువాత ఏదో దూరదేశం నుంచి ఆర్డరు వస్తుంది. సంతోషంగా పెట్టె కట్టి పంపుతాడు. కొన్ని వారాలకు కొనుగోలుదారు నుంచి కోపంగా ఒక మెయిల్ వస్తుంది: "నేను మొత్తం డబ్బు కట్టేశాను కదా, ఇప్పుడు మళ్ళీ ఈ డబ్బు ఎందుకు కట్టమంటున్నారు?"

ఈ ప్రశ్నకు చాలామంది అమ్మకందారుల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు, "దిగుమతి సుంకాలూ పన్నులూ కొనుగోలుదారు బాధ్యత" అన్నది. వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఆ వాక్యం ఉంటుంది కూడా. చట్టప్రకారం చూస్తే చాలా సందర్భాల్లో అందులో తప్పు లేదు. వ్యాపారంగా మాత్రం అది పనికిరాని జవాబని నా అభిప్రాయం. విదేశానికి అమ్మేవాడు తన వెబ్‌సైటులో చూపించే ధర, వస్తువు కొనుగోలుదారు గుమ్మం చేరేదాకా అయ్యే మొత్తం ధర కావాలి. అలా చూపించలేని దేశానికి అసలు అమ్మకూడదు. నాది బట్టతో కుట్టిన సంచులు, దిండు గలీబులు, చొక్కాలు అమ్మే చిన్న దుకాణం. గిడ్డంగులూ న్యాయవిభాగాలూ ఉన్న పెద్ద సంస్థలకు ఈ లెక్కలన్నీ చూసుకోవడానికి మనుషులుంటారు కాబట్టి, నేను రాసేది నాలాంటి చిన్నవాళ్ళను ఉద్దేశించే.

అంతర్జాతీయ వాణిజ్యంలో ఈ బాధ్యతల పంపకానికి పాత పద్ధతి ఒకటుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి ప్రచురించే ఇన్‌కోటర్మ్స్ నియమాల్లో, 2020 నాటి కూర్పు ప్రకారం, మొత్తం 11 రకాల ఒప్పందాలున్నాయి. ఓడల్లో కంటైనర్లు పంపేవాళ్ళకు అన్నిటితోనూ పని పడవచ్చు గానీ, ఇంటికి పార్సెల్ పంపేవాళ్ళకు తెలియాల్సినవి రెండే. ఒకటి డీఏపీ: సరుకును గమ్యం దాకా చేర్చే ఖర్చు అమ్మేవాడిది, దిగుమతి సుంకం, పన్ను కొనేవాడివి. రెండోది డీడీపీ: సుంకం, పన్నుతో సహా అన్నీ అమ్మేవాడే చూసుకుంటాడు. కొరియర్ కంపెనీ వెబ్‌సైటులో లేబుల్ తయారుచేసేటప్పుడు "సుంకాలు ఎవరు చెల్లిస్తారు: పంపేవారా, అందుకునేవారా" అని అడిగే ప్రశ్న ఈ రెండింటిలో ఏదో తేల్చుకోమనడమే. అక్కడ ముందుగానే "అందుకునేవారు" అని ఎంపికై ఉంటే చాలామంది దాన్ని చూడకుండానే ముందుకు పోతారు.

ఇన్నేళ్ళపాటు అలా పోయినా పెద్దగా ఇబ్బంది రాకపోవడానికి ఒక కారణం ఉంది. తక్కువ విలువ గల పార్సెళ్ళ మీద పన్ను వసూలు చేయడానికయ్యే ఖర్చు, వచ్చే పన్ను కంటే ఎక్కువ కాబట్టి, చాలా దేశాలు ఒక హద్దు గీసి దానికి లోపున్న పార్సెళ్ళను వదిలేసేవి. "సుంకాలు మీ బాధ్యత" అన్న వాక్యం రాసినా, కొనుగోలుదారుకు ఆ బాధ్యత అనుభవంలోకి వచ్చేది కాదు. ఆన్‌లైన్ కొనుగోళ్ళు పెరిగి, రోజూ లక్షల చిన్న పార్సెళ్ళు సరిహద్దులు దాటుతుంటే, పన్ను కట్టి అమ్ముకునే స్థానిక దుకాణదారులు ఊరుకోలేదు, ఊరుకోకపోవడం న్యాయమే. ఆస్ట్రేలియా 2018 జూలై 1 నుంచి, 1000 ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు వస్తువుల మీద కూడా జీఎస్టీని విదేశీ అమ్మకందారుల దగ్గరే వసూలు చేయడం మొదలుపెట్టింది. ఏటా 75,000 డాలర్లకు మించి అక్కడ అమ్మేవారికి అది వర్తిస్తుంది. న్యూజిలాండ్ 2019 డిసెంబరులో అదే బాట పట్టింది. బ్రిటన్ 2021 జనవరి నుంచి 135 పౌండ్లకు మించని సరుకు మీద వ్యాట్‌ను సరిహద్దు దగ్గర కాకుండా అమ్మకం దగ్గరే కట్టించుకుంటోంది. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు వస్తువులకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1న ఎత్తేసింది. అమెరికాలో 2016 నుంచి 800 డాలర్ల దాకా ఉన్న సుంకం మినహాయింపును మొదట 2025 మే నెలలో చైనా, హాంకాంగ్ సరుకులకు, తరువాత ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకులకూ నిలిపివేశారు.

ఈ చివరిది జరిగిన తీరును చిన్న అమ్మకందారులు జాగ్రత్తగా గమనించాలి. అమెరికాకు తపాలాలో వచ్చే పార్సెళ్ళ సుంకాన్ని ముందే వసూలు చేసి చెల్లించాలన్న కొత్త పద్ధతికి వివిధ దేశాల తపాలా శాఖలు సిద్ధంగా లేకపోవడంతో, 80కి పైగా తపాలా సంస్థలు అమెరికాకు పార్సెళ్ళను పూర్తిగానో పాక్షికంగానో తాత్కాలికంగా ఆపేశాయి. రాత్రికి రాత్రి తమ అమ్మకాల్లో అతి పెద్ద భాగాన్ని పోగొట్టుకున్న దుకాణాలు ఎన్నో. వాటిలో సుంకాన్ని ముందే వసూలు చేసి కట్టే అలవాటున్నవి కొరియర్ ద్వారా పంపడం కొనసాగించాయి, ధర పెరిగిన మాట నిజమే అయినా. "మీ బాధ్యత" అని రాసి కూర్చున్నవాళ్ళకు ఆ వాక్యంతో ఏం చేయాలో తెలియలేదు. ఎందుకంటే తపాలా పార్సెళ్ళకు గుమ్మం దగ్గర వసూలు చేసుకునే దారే మూసుకుపోయింది.

కాబట్టి మినహాయింపుల కాలం నాటి అలవాటుతో పన్నుల కాలంలో వ్యాపారం చేయడం కుదరదు. పన్ను మొత్తం ఒక్కటే అయితే కొనుగోలుదారు కొంత సణిగి కట్టేవాడేమో; కానీ దానికి తోడు తపాలా శాఖగానీ కొరియర్ గానీ అతని తరఫున ఆ పన్నును ముందుగా చెల్లించినందుకు, కాగితాలు చూసినందుకు తన రుసుము కలుపుతుంది. చిన్న పార్సెల్ విషయంలో పన్ను కంటే ఆ రుసుమే ఎక్కువైపోవడం మామూలే. ఒక దిండు గలీబు కొన్న మనిషికి, దాని ధరలో మూడో వంతు అదనంగా కడితేనే ఇస్తామని చీటీ వస్తే ఏం చేస్తాడు? చాలామంది చేసేది ఒక్కటే, తీసుకోరు. అప్పుడు ఆ పార్సెల్ కొన్ని రోజులు అక్కడి డిపోలో ఉండి వెనక్కి వస్తుంది, లేదా అక్కడే నాశనం చేస్తారు. కొరియర్ అయితే తిరుగు ప్రయాణపు ఛార్జీ, గిడ్డంగి ఛార్జీ, కొన్నిసార్లు కొనుగోలుదారు కట్టని సుంకం కూడా కలిపి పంపినవాడి ఖాతాలో వేస్తుంది, ఎందుకంటే వాళ్ళకు ఖాతా ఉన్నది అమ్మకందారుతోనే. "కొనుగోలుదారు బాధ్యత" అనుకున్నది కాస్తా చివరికి తడిసి మోపెడై అమ్మినవాడి నెత్తిమీదికే వస్తుంది.

ఇంత తెలిసీ దుకాణదారులు డీడీపీ వైపు రాకపోవడానికి చెప్పే కారణం, ధర ఎక్కువగా కనిపిస్తుందని. పక్క దుకాణం తక్కువ ధర చూపించి సుంకం సంగతి దాచిపెడితే, నిజం చెప్పినవాడే నష్టపోతాడు కదా అని అడుగుతారు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను. మొదటిసారి వచ్చే కొనుగోలుదారుల్లో కొందరు ధర చూసి వెళ్ళిపోతారు. అయితే ఆ కొందరిలో ఎంతమంది గుమ్మం దగ్గర ఆ సుంకం కట్టి వస్తువు తీసుకునేవాళ్ళు? పేజీలో మొత్తం ధర చూసి వెళ్ళిపోయినవాడి వల్ల నాకు పోయింది ఒక ఆర్డరు మాత్రమే. పార్సెల్ వెళ్ళాక నిరాకరించినవాడి వల్ల పోయేది ఆ ఆర్డరు, రానుపోను రవాణా ఖర్చు, పెట్టె దెబ్బతింటే వస్తువు, ఆపైన దుకాణం కింద ఎప్పటికీ చెరగని ఒక్క నక్షత్రపు రివ్యూ. నా దుకాణంలో రెండోసారి, మూడోసారి కొనే విదేశీయుల్లో ఎక్కువమంది రాసే మాట, బట్టను బాగా కుట్టారని కాదు, "ఎవరికీ ఏమీ కట్టకుండా చేతికొచ్చింది" అని. కుట్టుపని మీద గర్వపడేవాడిగా నాకది కాస్త చిన్నతనంగానే ఉంటుంది, అది వేరే సంగతి.

డీడీపీ అంటే ప్రతి దేశంలోనూ పన్ను ఖాతా తెరవడమే అనుకోనక్కరలేదు. చాలా కొరియర్లు సుంకాన్ని తామే ముందుగా చెల్లించి, రుసుముతో సహా పంపినవాడి బిల్లులో వేస్తాయి. యూరోపియన్ యూనియన్‌కు ఐఓఎస్ఎస్ అనే పథకం ఉంది. 150 యూరోలకు మించని సరుకు మీద వ్యాట్‌ను అమ్మకం సమయంలోనే వసూలు చేసి, సభ్యదేశాలన్నిటికీ కలిపి ఒకే రిటర్నుతో కట్టవచ్చు. యూనియన్‌కు బయట ఉన్న అమ్మకందారు సాధారణంగా అక్కడి మధ్యవర్తి ద్వారా అందులో చేరాలి. పెద్ద మార్కెట్‌ప్లేసుల ద్వారా అమ్మితే ఆ వ్యాట్‌ను మార్కెట్‌ప్లేసే వసూలు చేసి కడుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మార్కెట్‌ప్లేసు ఇచ్చే ఐఓఎస్ఎస్ నంబరును పెట్టె మీద స్టిక్కరుగా అంటిస్తే సరిపోదు. లేబుల్ తయారుచేసేటప్పుడు కస్టమ్స్ సమాచారంలో దానికి కేటాయించిన చోట నింపితేనే అది ఎలక్ట్రానిక్‌గా అవతలి దేశానికి చేరుతుంది. చేరకపోతే అక్కడి కస్టమ్స్‌కు ఆ వస్తువు పన్ను కట్టనిదే. ఒకసారి కట్టిన వ్యాట్‌ను కొనుగోలుదారు చేత రెండోసారి కట్టిస్తారు, అతను అమ్మినవాణ్ణి మోసగాడనుకుంటాడు, జరిగిందల్లా ఒక గడి ఖాళీగా ఉండిపోవడమే.

నిజానికి విదేశీ అమ్మకంలో అన్నిటికంటే ముఖ్యమైన రాత వెబ్‌సైటులోని వర్ణన కాదు, కస్టమ్స్ ఫారం మీద రాసే ఒకటి రెండు పంక్తులు. ఆ రాత మీద మనవాళ్ళు పెట్టే శ్రద్ధ చూస్తే జాలేస్తుంది. "బట్టలు", "సరుకు", "శాంపిల్", "ఇంటి వస్తువులు" అని రాసి సంతకం చేసేస్తారు. యూరోపియన్ యూనియన్ 2021 నుంచి దశలవారీగా అమలు చేస్తున్న ఐసీఎస్2 వ్యవస్థలో, విమానం ఎక్కకముందే ప్రతి పార్సెల్ వివరాలూ ఎలక్ట్రానిక్‌గా చేరాలి, వాటిని యంత్రం చదివి ప్రమాదాన్ని అంచనా వేస్తుంది. ఇలాంటి అస్పష్టమైన మాటల జాబితానే అక్కడ తయారుచేసి పెట్టుకున్నారు. ఆ మాటలతో వచ్చిన సమాచారం తిరస్కరణకు గురవుతుంది. పార్సెల్ ఎక్కడో ఆగిపోయిందని కొరియర్‌ను తిట్టుకునేవాళ్ళలో కొందరి పార్సెళ్ళు ఆగేది వాళ్ళు రాసిన మాట దగ్గరే.

వర్ణనకు తోడు, సరుకు ఏ రకానిదో అంకెల్లో చెప్పే హెచ్ఎస్ కోడ్ కావాలి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1988 నుంచి అమల్లోకి తెచ్చిన ఈ వర్గీకరణలో మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతటా ఒకటే; ఆ తరువాతి అంకెలను ఏ దేశం ఆ దేశం తన అవసరానికి చేర్చుకుంటుంది. ఒక నూలు చొక్కానే తీసుకుందాం. కంటికి చొక్కా చొక్కానే. కస్టమ్స్ అడిగే మొదటి ప్రశ్న అది అల్లిన బట్టా, నేసిన బట్టా అని. అల్లిన బట్టతో చేసిన దుస్తులన్నీ 61వ అధ్యాయంలోకి, నేసినవి 62వ అధ్యాయంలోకి వెళతాయి. నూలుతో అల్లిన టీషర్టు 6109.10 అయితే, నేసిన నూలు బట్టతో కుట్టిన మగవారి చొక్కా 6205.20. ఆ తరువాత అది మగవారిదా, ఆడవారిదా, పిల్లలదా, నూలు ఎంత శాతం, మిగతాది ఏమిటి అన్నవి వస్తాయి. అధ్యాయం మారితే సుంకం రేటు మారవచ్చు. అందుకని నేను "చొక్కా" అని రాయను. "మగవారి చొక్కా, నేసిన నూలు బట్ట, నూటికి నూరు శాతం నూలు" అని రాస్తాను. దాని పక్కన కోడ్, విలువ, బరువు, తయారైన దేశం. ఈ చివరి గడిలో పార్సెల్ బయలుదేరిన దేశాన్ని కాకుండా వస్తువు తయారైన దేశాన్ని రాయాలన్న సంగతి చాలామందికి పట్టదు. సుంకం ఎంతన్నది దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి, వేరే దేశం నుంచి తెప్పించి తిరిగి అమ్మేవాళ్ళు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక కొనుగోలుదారులే స్వయంగా అడిగే సహాయం ఒకటుంది: "దయచేసి గిఫ్ట్ అని రాయండి, విలువ తక్కువ వేయండి." మర్యాదగానే అడుగుతారు. మిగతా దుకాణాలు అలాగే చేస్తాయని కూడా అంటారు, అందులో అబద్ధం ఉండకపోవచ్చు. తపాలాతో పంపే పార్సెల్‌కు అంటించే సీఎన్22 ఫారం చూడండి. గిఫ్ట్, పత్రాలు, వాణిజ్య నమూనా, అమ్మిన సరుకు, తిరిగి వస్తున్న సరుకు అంటూ వేరువేరు గడులుంటాయి. కింద, పైన రాసినవి నిజమని ధ్రువీకరిస్తూ పంపేవాడి సంతకం ఉంటుంది. అమ్మిన వస్తువుకు గిఫ్ట్ గడిలో టిక్ పెట్టి సంతకం చేయడం అంటే ఒక పరాయి ప్రభుత్వానికి రాతపూర్వకంగా అబద్ధం చెప్పడం. పైగా యూరోపియన్ యూనియన్‌లో 45 యూరోల దాకా ఉన్న గిఫ్ట్ మినహాయింపు ఒక ప్రైవేటు వ్యక్తి మరో ప్రైవేటు వ్యక్తికి డబ్బు తీసుకోకుండా పంపేవాటికి మాత్రమే. దుకాణం నుంచి వచ్చేది గిఫ్ట్ కాజాలదు. కస్టమ్స్ అధికారికి అనుమానం వస్తే పెట్టె మీద ఉన్న దుకాణం పేరును ఇంటర్నెట్‌లో వెతుకుతాడు, మనం పెట్టిన ధర మన వెబ్‌సైటులోనే అతనికి దొరుకుతుంది.

నీతి సంగతి పక్కనబెట్టినా, లెక్క ప్రకారమూ ఇది మొదటికే మోసం. పార్సెల్ పోతే బీమాగానీ నష్టపరిహారంగానీ ప్రకటించిన విలువకు మించి రాదు. కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని కొనుగోలుదారు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, ఆ వివాదంలో మనం చూపించే ఇన్వాయిస్ ఒక అంకె, కస్టమ్స్ ఫారం ఇంకొక అంకె చెబితే, ఏ బ్యాంకు మన మాట నమ్ముతుంది? సహాయం అడిగిన కొనుగోలుదారుకు ఈ కారణాలన్నీ వివరంగా రాస్తూ కూర్చోవడం నేను మానేశాను. "చెల్లించిన ధరనే రాస్తాం, సుంకం అందులోనే కలిసి ఉంది కాబట్టి మీరు ఏమీ కట్టనక్కరలేదు" అని రెండు ముక్కలు రాస్తే అడిగిన కారణమే పోతుంది. మొత్తం ధర ముందే తీసుకోవడం వల్ల కలిగే లాభాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అబద్ధం ఆడాల్సిన అవసరం ఇద్దరికీ ఉండదు.

మొత్తం ధర చూపించాలంటే రవాణా ఖర్చు ముందే కచ్చితంగా తెలియాలి. అక్కడ చాలామందిని ముంచేది బరువు కాదు, పెట్టె కొలత. కొరియర్లు అసలు బరువునూ, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తే వచ్చే ఘనపరిమాణపు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో కిలోన్నర బరువున్న దిండు గలీబులూ సంచులూ పెడితే, ఛార్జీ 4.8 కిలోలకు పడుతుంది. అదే సరుకును గట్టిగా మడిచి 35, 25, 12 సెంటీమీటర్ల పెట్టెలో పట్టిస్తే 2.1 కిలోలు. వస్తువు అదే, దేశం అదే, ఛార్జీ పడే బరువు సగానికి పైగా తగ్గింది. బట్టకు ఈ వెసులుబాటు ఉంది. పింగాణీ, గాజు అమ్మేవాళ్ళకు లేదు, వాళ్ళ వస్తువు చుట్టూ గాలి ఉండి తీరాలి. అందుచేత మొత్తం ధర అన్న నియమం అన్ని సరుకులకూ ఒకే రకంగా లాభదాయకం కాదన్న మాట ఒప్పుకోవాలి. కొన్ని వస్తువులు విదేశానికి అమ్మదగినవి కావు, అంతే.

కొరియర్ కాకుండా తపాలా మార్గం ఎంచుకుంటే 2 కిలోల లోపు చిన్న ప్యాకెట్లు చవకగా వెళతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 90 సెంటీమీటర్లు మించకూడదు, ఏ ఒక్క వైపూ 60 దాటకూడదు. అయితే చవకలో ఏం కొంటున్నామో పార్సెల్ మీది నంబరే చెబుతుంది. 1874లో ఏర్పడిన విశ్వ తపాలా సంఘం ప్రమాణం ప్రకారం ఆ నంబరులో మొత్తం 13 అక్షరాలూ అంకెలూ ఉంటాయి: ముందు రెండు అక్షరాలు సేవ రకానికి, తరువాత ఎనిమిది అంకెలు వరుస సంఖ్యకు, ఒక అంకె సరిచూసుకోవడానికి, చివరి రెండు అక్షరాలు పంపిన దేశానికి. మొదటి అక్షరం "ఈ" అయితే తపాలా వారి వేగవంతమైన సేవ ఈఎంఎస్, "ఆర్" అయితే రిజిస్టర్డ్, "సీ" అయితే పార్సెల్. "యూ"తో మొదలైతే అది ప్రధానంగా కస్టమ్స్ సమాచారంతో జోడించడానికి ఉన్న నంబరే, దారి పొడవునా జాడ చూపిస్తుందని ఆశపడకూడదు. ఆ నంబరును కొనుగోలుదారుకు పంపి "ట్రాక్ చేసుకోండి" అనడం అతన్ని ఏమార్చడమే.

జాడ లేని పార్సెల్ పోయిందో లేదో ఎవరూ చెప్పలేరు, వివాదం మాత్రం వస్తుంది. అంతర్జాతీయ కార్డు సంస్థల నియమాల్లో వస్తువు అందలేదన్న ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజుల దాకా గడువుంటుంది. పేపాల్‌లో చెల్లింపు నాటి నుంచి 180 రోజులు. చేరినట్టు రుజువు చూపించలేని అమ్మకందారు ఆ ఫిర్యాదులో నిలబడలేడు. అందుకని ట్రాకింగ్ లేని సేవతో పంపే ప్రతి పార్సెల్‌ నష్టం నేనే భరిస్తానని ముందే అనుకుని, అందుకు తగినంత చవక వస్తువునే అలా పంపాలి. మిగిలినవాటికి ట్రాకింగ్ ఖర్చు మొత్తం ధరలో కలవాల్సిందే.

ఇప్పుడు దేశాల ఎంపిక. వస్తువు మీద పన్ను కట్టడంతో బాధ్యత తీరిపోయే దేశాలు కొన్ని, తీరనివి చాలా. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 13 నుంచి అమల్లోకి వచ్చిన సాధారణ వస్తు భద్రతా నియమం ప్రకారం, బయటి అమ్మకందారు వస్తువుకు యూనియన్‌లోనే బాధ్యత వహించే వ్యక్తో సంస్థో ఉండాలి, ఆ వివరాలు కొనుగోలుదారుకు కనిపించాలి. జర్మనీలో నివసించే వినియోగదారుకు అట్టపెట్టెలో ఒక్క వస్తువు పంపినా ఆ ప్యాకేజింగ్‌కు లూసిడ్ అనే రిజిస్టరులో నమోదు ఉండాలి, దాని రీసైక్లింగ్ ఖర్చులో వాటా కట్టాలి. కనీస పరిమాణం అంటూ మినహాయింపు లేదు. చెక్క క్రేట్లలో పంపేవాళ్ళకు, చెక్కతో పాటు పురుగులు సరిహద్దు దాటకుండా పెట్టిన ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్‌లో 30 నిమిషాలు వేడిచేసి ముద్ర వేయించడం అందులో చెప్పిన పద్ధతుల్లో ఒకటి. లిథియం బ్యాటరీలు, స్ప్రే డబ్బాలు, స్పిరిట్ కలిసిన సుగంధాలు అమ్మేవాళ్ళ తిప్పలు వేరే వ్యాసానికి సరిపోతాయి.

ఈ నియమాలను చిన్నవాళ్ళ మీద అన్యాయమని తిట్టేవాళ్ళున్నారు, కొంతవరకు నేనూ వాళ్ళతో ఏకీభవిస్తాను. ఏడాదికి పది పెట్టెలు పంపే దుకాణానికీ లక్ష పంపే సంస్థకూ ఒకే రిజిస్ట్రేషను పెట్టడంలో చిన్నవాడికే బరువెక్కువ. అయితే దానికి జవాబు, ఎవరూ పట్టుకోరులే అని పంపేయడం మాత్రం కాదు. పదిమంది కొనుగోలుదారులు పది దేశాల్లో ఉంటే పది రకాల నియమాలు. అదే పదిమంది రెండు దేశాల్లో ఉంటే రెండే. నియమాలు చదవడం, కోడ్‌లు సరిచూడడం, సుంకం అంచనా వేయడం అన్నవి ఆర్డరుకు ఒకసారి కాక దేశానికి ఒకసారి చేసే పనులు కాబట్టి, దేశాలు తక్కువైనకొద్దీ ఆ శ్రమ ఎక్కువ ఆర్డర్ల మీద పంచుకుపోతుంది. చిన్నవాడు ప్రపంచమంతటికీ అమ్మడం కంటే రెండు మూడు దేశాలకు బాగా అమ్మడంలోనే లాభం ఉందని నేననేది అందుకే.

దేశాలు తక్కువైతే చిరునామాలు కూడా చదవడం వస్తుంది. ఇంటి నంబరు వీధి పేరుకు ముందు రాసే దేశాలున్నాయి, తరువాత రాసేవి ఉన్నాయి. పోస్టుబాక్సు నంబరే చిరునామాగా చెలామణి అయ్యే చోట్ల కొరియర్ మనిషి బాక్సు దగ్గరికి వెళ్ళి పార్సెల్ ఇవ్వలేడు కాబట్టి, అక్కడ ఫోన్ నంబరు లేని ఆర్డరును పంపకపోవడమే మంచిది. ఏ వెబ్‌సైటు ఫారమూ ఈ తేడాలన్నిటినీ పట్టుకోదు. చూసి చూసి అలవాటైన కన్నే పట్టుకుంటుంది.

తిరుగు సరుకు గురించి చివరిగా. విదేశీ కొనుగోలుదారుకు వస్తువు నచ్చకపోతే వెనక్కి పంపే ఖర్చు తరచుగా వస్తువు ధరను మించిపోతుంది, అలాంటప్పుడు డబ్బు వెనక్కి ఇచ్చి వస్తువును అతని దగ్గరే ఉంచమనడం చవక. ఖరీదైన వస్తువైతే తెప్పించుకోక తప్పదు. అప్పుడు చాలామంది ఊహించనిది జరుగుతుంది: మన వస్తువే మన దేశపు కస్టమ్స్‌కు కొత్త దిగుమతిగా కనిపిస్తుంది, దాని మీద మనల్నే సుంకం అడుగుతారు. వెళ్ళిన వస్తువే మార్పులేమీ లేకుండా తిరిగి వస్తోందని నిరూపిస్తే మినహాయింపు ఇచ్చే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, కానీ నిరూపించాల్సింది మనమే. అందుకు కావలసినవి వెళ్ళేటప్పటి ఇన్వాయిస్, కస్టమ్స్ ఫారం నకలు, ట్రాకింగ్ నంబరు, వీలైతే వస్తువు మీద ఉన్న సీరియల్ నంబరో ఫోటోనో. కొనుగోలుదారు కూడా తన వైపు ఫారంలో "తిరిగి వస్తున్న సరుకు" గడిలోనే టిక్ పెట్టి, మొదటి ఇన్వాయిస్ నంబరు రాయాలి. అది అతనికి తెలిసే అవకాశం లేదు కాబట్టి, ఏ గడిలో ఏం రాయాలో నింపిన నమూనా ఫారం ఫోటోను రిటర్న్ ఒప్పుకున్న మెయిల్‌తోనే జతచేసి పంపుతున్నాను.